ఖాళీ గ్లాసులో ఏముంది? చిన్నపిల్లలకు గాలిని ప్రయోగాలతో నేర్పడం ఎలా

“మా పాపకు ఆరేళ్లండీ. ‘గాలి స్థలాన్ని ఆక్రమిస్తుంది’ అని గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతుంది. గ్లాసు చూపించి ఇందులో ఏముందే అంటే మాత్రం ‘ఏం లేదు, ఖాళీ’ అంటుంది. ఎలా చెప్పాలి?”

ఈ ప్రశ్న తల్లిదండ్రులు అడుగుతారు, కొత్తగా చేరిన టీచర్లు అడుగుతారు. మాటలు మారతాయి కానీ ఇబ్బంది ఒకటే. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు, పిల్లలతో నేను చేయించే పద్ధతి మొత్తాన్ని వరుసగా ఇక్కడ రాస్తున్నాను. నాలుగేళ్ల నుంచి ఎనిమిదేళ్ల పిల్లల వరకు పనికొస్తుంది.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం. మన ఇళ్లలో కరెంటు పోగానే ఏమంటాం? “అబ్బా, గాలి లేదు.” కిటికీ తెరిస్తే “గాలి వస్తోంది” అంటాం. చెట్టు ఆకు కదలకపోతే “గాలి ఆడట్లేదు” అంటాం. వీచేదానికీ, కదలకుండా మన చుట్టూ నిండి ఉన్నదానికీ తెలుగులో మనం వాడేది ఒకటే మాట. కాబట్టి ఫ్యాన్ ఆగితే గదిలో గాలి అయిపోయిందని పిల్లలు అనుకుంటే తప్పు వాళ్లది కాదు. వాళ్లు మన మాటను నమ్మారు, అంతే. అందుకే గాలి పాఠాన్ని గాలిపటంతోనో ఫ్యాన్‌తోనో మొదలుపెట్టకండి. ముందు కదలని గాలిని చూపించాలి. వీచే గాలి చివర్లో రావాలి. ఈ వరుస మారిస్తే పాత పొరపాటే ఇంకా గట్టిపడుతుంది.

కావలసినవి

అన్నీ ఇంట్లోనో, పక్క కొట్లోనో దొరికేవే.

- పారదర్శకంగా ఉండే గ్లాసులు రెండు. గాజువైనా సరే, గట్టి ప్లాస్టిక్‌వైనా సరే. మరీ చిన్న పిల్లలుంటే ప్లాస్టిక్‌వే తీసుకోండి.
- లోతైన టబ్ లేదా బకెట్. లోపల జరిగేది పక్కనుంచి కనిపించే డబ్బా అయితే ఇంకా మంచిది. పాత చేపల తొట్టె ఉంటే అంతకంటే కావలసింది లేదు.
- పాత న్యూస్‌పేపర్, పాత పెళ్లి శుభలేఖ అట్ట, కాస్త మందంగా ఉండే కాగితం
- పల్చటి ప్లాస్టిక్ కవర్లు రెండు, స్ట్రాలు నాలుగు
- గరాటు, ఒక బాటిల్, నిమ్మకాయంత చపాతీ పిండి ముద్ద
- సూది లేని కొత్త సిరంజి, 20 మి.లీ.ది. మందుల షాపులో దొరుకుతుంది. ఒకసారి వాడినది ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.
- బెలూన్లు రెండు మూడు, స్టీలు వాటర్ బాటిల్
- ఫుట్‌బాల్, దానికి గాలి కొట్టే పంపు, వంటింటి డిజిటల్ త్రాసు. ఇవి లేకపోతే ఆ ప్రయోగం వదిలేయవచ్చు.
- తువ్వాళ్లు. మీరు అనుకున్నదానికంటే ఇంకో రెండు ఎక్కువే పెట్టుకోండి.

జాగ్రత్తలు

బెలూన్ గురించి గట్టిగా చెప్పాలి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఊదని బెలూన్ కానీ, పగిలిన ముక్క కానీ గొంతులో అడ్డం పడితే ప్రాణం మీదికి వస్తుంది. బెలూన్ మీరే ఊదండి. పగిలితే ముక్కలన్నీ ఏరి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుని చెత్తబుట్టలో వేయండి. ప్లాస్టిక్ కవరు తల మీదికి, ముఖం మీదికి వెళ్లకూడదు. ఆ ప్రయోగం అవగానే కవర్లు మీ చేతిలోకి తీసుకోండి. వేడినీళ్లు పోసే పని, సూదితో గుచ్చే పని పెద్దవాళ్లవే. నీళ్ల బకెట్ పెట్టి పక్క గదిలోకి వెళ్లకండి, ఫోన్ మోగినా సరే.

ఇంకో చిన్న పని: ఫ్యాన్ ఆపేయండి. ఉక్కపోస్తుంది కానీ, “ఇప్పుడు ఇక్కడ గాలి ఉందా, లేదా?” అని అడగడానికి అదే సరైన సమయం.

ఒక్కో ప్రయోగం ఎలా నడపాలంటే

ప్రతిదానికీ ఇదే పద్ధతి: ముందు వస్తువు చూపించి “ఏమవుతుందనుకుంటున్నావ్?” అని అడగండి. జవాబు తప్పయినా సరిదిద్దకండి. తర్వాత వాళ్ల చేతులతోనే చేయించండి. ఏమైందో వాళ్ల మాటల్లోనే చెప్పనివ్వండి. మీ వివరణ చివర్లో, ఒక్క వాక్యం. నేను చూసినంతలో పెద్దవాళ్లు ఎక్కువగా చేసే తప్పు, గ్లాసు ముంచకముందే “చూడు, కాగితం తడవదు, ఎందుకంటే…” అని చెప్పేయడం. అలా చెప్పేశాక పిల్లలకు చూడటానికి ఏమీ మిగలదు.

రోజుకు రెండు ప్రయోగాలు, ఇరవై నిమిషాలు. అంతకు మించి వద్దు.

1. కవరులో గాలి పట్టడం

కవరు మూతి తెరిచి, గదిలో అటూ ఇటూ ఊపి, మూతిని గట్టిగా మెలిపెట్టండి. ఉబ్బిన కవరును పిల్లల చేతికిచ్చి నొక్కమనండి. “లోపల ఏముంది?” అనండి.

“నేను ఊదలేదు, ఫ్యాన్ లేదు, మరి ఇది ఎక్కడిది?” అన్న ప్రశ్న మర్చిపోవద్దు. మంచం కింద, అలమరలో, బాత్రూంలో కూడా పట్టి చూడమనండి. గాలి దొరకని చోటు వెతకమంటే ఇల్లంతా తిరుగుతారు.

కవరు వెంటనే చప్పబడిపోతుంటే చిల్లు ఉన్నట్టే. చెంప దగ్గర పెట్టి నొక్కితే గాలి తగిలి చిల్లు ఎక్కడుందో తెలుస్తుంది. ఇదీ ఒక ప్రయోగమే, పారేయకండి.

2. తడవని కాగితం

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. తొందరపడకుండా చేయండి.

అ. న్యూస్‌పేపర్ ముక్కను నలిపి గ్లాసు అడుగున బిగుతుగా కూరండి. గ్లాసు బోర్లించి ఊపితే పడకూడదు.
ఆ. పిల్లల చేత కాగితం పట్టించి “పొడిగా ఉందా, తడిగా ఉందా?” అని అడగండి.
ఇ. “దీన్ని బోర్లించి నీళ్లలో పూర్తిగా ముంచితే కాగితం తడుస్తుందా?” అని అడగండి. అందరి జవాబులూ తీసుకోండి.
ఈ. గ్లాసును నిటారుగా బోర్లించి, నెమ్మదిగా, తిన్నగా కిందికి దించండి. పదంకెలు లెక్కపెట్టండి.
ఉ. అంతే తిన్నగా పైకి తీయండి. అంచున ఉన్న నీళ్లు తువ్వాలుతో తుడిచి, చేతులు కూడా తుడుచుకున్నాక కాగితం బయటికి తీయమనండి.

ఈ చివరి మెట్టు దగ్గరే చాలామందికి దెబ్బతింటుంది. కాగితం పొడిగానే ఉంటుంది, తడిచేత్తో తీస్తారు, తడిసిపోతుంది, “చూశావా తడిసింది” అంటాడు పిల్లవాడు. ఒకసారి అలా నమ్మాడంటే మళ్లీ మార్చడం కష్టం.

పొరపాట్లు ఇంకా ఉన్నాయి. గ్లాసు కొంచెం వంగినా గాలి బుడగలుగా బయటికి పోయి నీళ్లు లోపలికి వస్తాయి. కాగితం గ్లాసు మూతి దాకా వేలాడితే అంచు తడుస్తుంది. స్టీలు గ్లాసుతో చేస్తే లోపల ఏం జరుగుతోందో కనిపించదు. చాలా పుస్తకాల్లో ఉన్న ప్రయోగమే కదా అని ఒక్కసారి చేసి వదిలేస్తారు. కనీసం మూడుసార్లు, ముగ్గురు పిల్లల చేతులతో జరగాలి.

చురుకైన పిల్లలుంటే “కొంచెం నీళ్లు లోపలికి వచ్చాయి” అంటారు. నిజమే చెప్పారు. లోతుకు వెళ్లేకొద్దీ నీళ్లు గాలిని కొద్దిగా నొక్కుతాయి. జానెడు లోతు వరకు ముంచితే లోపలికి వచ్చే నీళ్లు ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే. “లేదు, రాలేదు” అని కొట్టిపారేయకండి. “బాగా చూశావ్” అనండి. సిరంజి ప్రయోగం రోజు దీన్ని మళ్లీ గుర్తుచేయవచ్చు.

మీరు చెప్పాల్సిన ఒక్క వాక్యం: “గ్లాసు నిండా గాలి ఉంది, అది పక్కకు జరిగితే తప్ప నీళ్లకు చోటు లేదు.”

3. గాలిని ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి పోయడం

ఇది చేస్తుంటే పిల్లల ముఖాలు చూడాలి! నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

మొదటి గ్లాసును నీళ్లలో పడుకోబెట్టి ముంచి, పూర్తిగా నీళ్లు నింపి, నీళ్లలోనే బోర్లించి పట్టుకోండి. రెండో గ్లాసును గాలితో అలాగే బోర్లించి ముంచండి. ఇప్పుడు గాలి ఉన్న గ్లాసును కిందికి తెచ్చి, నీళ్ల గ్లాసు మూతి కింద మెల్లగా వంచండి. బుడగలు పైకి ఎక్కి నీళ్ల గ్లాసులో చేరతాయి. ఆ గ్లాసులోని నీళ్లు దిగుతాయి, ఈ గ్లాసులోకి నీళ్లు వస్తాయి. గాలి గ్లాసు మారింది.

నీళ్లను పైనుంచి కిందికి పోస్తాం, ఇక్కడ గాలిని కిందనుంచి పైకి పోస్తున్నాం. ఇది పిల్లలు తమంతట తాము గమనించేదాకా ఆగండి.

బుడగలు పక్కలకు తప్పించుకుంటుంటే రెండు గ్లాసుల మూతులూ దగ్గరగా లేవన్నమాట. నీళ్ల గ్లాసు మీరు పట్టుకోండి, గాలి గ్లాసును వంచే పని పిల్లలకివ్వండి. టబ్ లోతు చాలకపోతే చిన్న మందు సీసాలు బాగా కడిగి వాడండి.

4. దిగని నీళ్లు

బాటిల్ మూతిలో గరాటు పెట్టి, చుట్టూ సందు లేకుండా చపాతీ పిండితో మెత్తండి. గరాటులో గబుక్కున నీళ్లు పోయండి. కొద్దిగా దిగి ఆగిపోతాయి. ఇప్పుడు పిండి ముద్దలో స్ట్రాతో ఒక కన్నం చేయండి. గాలి బయటికి వస్తుంది, నీళ్లు దిగుతాయి.

నీళ్లు ఆగకుండా దిగిపోతుంటే పిండిలో ఎక్కడో సందు ఉంది. తడి వేలితో నొక్కి మూయండి. గరాటు కాడ మరీ లావుగా ఉన్నా పక్కనుంచి గాలి తప్పించుకుంటుంది, సన్న కాడ ఉన్న గరాటు వాడండి. పిండి బదులు బంకమట్టి కూడా పనిచేస్తుంది.

తర్వాత వంటింట్లోకి తీసుకెళ్లండి. నూనె డబ్బాకు అమ్మ రెండు కన్నాలు ఎందుకు పెడుతుందో అడగండి. ఒకదాన్ని వేలితో మూసి, తెరిచి నూనె ధార ఎలా మారుతుందో చూపించండి. నూనె వృథా అవుతుందనుకుంటే పాత డబ్బాలో నీళ్లు పోసి చేయండి.

5. స్ట్రాతో మూడు పనులు

మొదటిది: స్ట్రాను నీళ్లలో ముంచి, పైమూతిని వేలితో మూసి ఎత్తండి. నీళ్లు స్ట్రాలోనే ఉంటాయి. వేలు తీస్తే పడిపోతాయి. వేలు తడిగా ఉంటే ఇంకా బాగా మూసుకుంటుంది.

రెండోది దీనికి తిరగేసినది: ఖాళీ స్ట్రా పైమూతిని ముందే మూసి నీళ్లలో ముంచండి. ఈసారి నీళ్లు లోపలికి రావు. వేలు తీయగానే వస్తాయి. క్రీ.పూ. 5వ శతాబ్దంలోనే ఎంపిడోక్లిస్ అనే గ్రీకు తత్వవేత్త, నీళ్లు తోడే కంచు పాత్రతో ఆడుకుంటున్న ఒక అమ్మాయిని ఉదాహరణగా చెప్పాడు. గొట్టాన్ని చేత్తో మూసి ముంచితే నీళ్లు రావు, చేయి తీస్తే వస్తాయి. మీ పాప చేసేది ఆ అమ్మాయి చేసిన పనే.

మూడోది మజ్జిగతో. స్ట్రా పైభాగంలో, మజ్జిగకు పైన ఉండేలా, పిన్నుతో రెండు మూడు చిల్లులు పెట్టండి. పిల్లలను తాగమనండి. ఎంత పీల్చినా సరిగా రాదు. చిల్లులన్నీ వేళ్లతో మూస్తే వస్తుంది. చిల్లులు మరీ సన్నగా ఉంటే కొంచెం తాగగలుగుతారు, అప్పుడు పెద్దవి చేయండి. ఒకరి స్ట్రా ఇంకొకరికి ఇవ్వకండి.

6. అట్ట మోసే నీళ్లు

గ్లాసు నిండా నీళ్లు పోసి, మూతిమీద మందపాటి శుభలేఖ అట్ట పెట్టి, అరచేత్తో అదిమి పట్టుకుని బోర్లించండి. మెల్లగా చేయి తీయండి. అట్ట పడదు, నీళ్లు పడవు. కింద టబ్ మాత్రం తప్పక ఉండాలి.

ఇది సగం సార్లు విఫలమవుతుంది, కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే: గ్లాసు అంచు చిట్లి ఉండటం, అట్ట నానిపోవడం, అట్టను అడ్డంగా లాగుతూ చేయి తీయడం. ప్రతిసారీ కొత్త అట్ట వాడండి, చేతిని తిన్నగా కిందికి తీయండి. ఎందుకు పడలేదంటే, “కిందనుంచి గాలి నెడుతోంది” అంటే చాలు. ‘వాతావరణ పీడనం’ అన్న మాట ఈ వయసుకు అక్కర్లేదు. మీ కోసం చెబుతున్నాను: మన చుట్టూ ఉన్న గాలి దాదాపు 10 మీటర్ల ఎత్తు నీటిని నిలబెట్టగలదు. ఒక గ్లాసెడు నీళ్లు దానికి లెక్కే కాదు.

7. సిరంజిలో గాలి

పిస్టన్‌ను 20 దాకా లాగి, ముక్కును వేలితో గట్టిగా మూసి నొక్కమనండి. సుమారు సగం దాకా వెళుతుంది, తర్వాత మొండికేస్తుంది. వదిలితే వెనక్కి తన్నుకొస్తుంది. ఇప్పుడు నీళ్లు నింపి అలాగే చేయమనండి. కదలదు.

నీళ్లతో కూడా కొంచెం కదిలితే లోపల గాలి బుడగ ఉంది. సిరంజిని నిటారుగా పట్టి తట్టి, బుడగను బయటికి పంపండి. వదిలినా పిస్టన్ వెనక్కి రాకపోతే వేలు పక్కనుంచి గాలి పోతోంది. చిన్న వేళ్లకు ఇది కష్టం, ముక్కును రబ్బరు ముక్కకు ఆనించి నొక్కమనండి. సిరంజి ఆట ముగిశాక ఒక్క మాట గట్టిగా చెప్పండి: బయట, చెత్తలో కనిపించే సిరంజిలు ముట్టుకోకూడదు.

వీలైతే మరునాడు పంచర్ షాపు దగ్గరికి తీసుకెళ్లండి. గాలి కొట్టిన ట్యూబును నీళ్ల తొట్టిలో తిప్పుతూ బుడగలు వచ్చే చోటు పట్టుకోవడం పిల్లలు కళ్లార్పకుండా చూస్తారు. పనివాళ్లు తీరిగ్గా ఉన్న వేళ చూసుకుని, అడిగి వెళ్లండి.

8. గాలి బరువు

ఇక్కడ చాలామంది తప్పుదారి పడతారు. కర్రకు అటొక ఊదిన బెలూన్, ఇటొక ఊదని బెలూన్ కట్టి, ఊదినది కిందికి వంగుతుందని చూపించమంటారు. చేసి చూడండి. కర్ర ఒకోసారి అటు, ఒకోసారి ఇటు. పిల్లలకు ఏమీ తేలదు.

ఎందుకంటే, బావిలోంచి నీళ్లు తోడేటప్పుడు బకెట్ నీళ్లలో ఉన్నంతసేపు తేలిగ్గా ఉంటుంది, పైకి రాగానే బరువెక్కుతుంది. బెలూన్‌లోని గాలి కూడా గాలిలోనే మునిగి ఉంది, చుట్టూ ఉన్న గాలి దాన్ని మోసేస్తుంది. బెలూన్ రబ్బరు లోపలి గాలిని నొక్కేది చాలా తక్కువ, కాబట్టి తేడా గ్రాములో చిన్న వంతు మాత్రమే.

దీనికి బదులు ఫుట్‌బాల్ వాడండి.

అ. బంతి గుండ్రంగానే ఉండి, నొక్కితే మెత్తగా ఉండేంత గాలి ఉంచండి. పూర్తిగా సొట్టపోతే లెక్క తప్పుతుంది.
ఆ. త్రాసు మీద చిన్న గిన్నె పెట్టి, సున్నా చేసి, బంతి పెట్టి బరువు రాసుకోండి.
ఇ. గాలి గట్టిగా కొట్టండి. పంపు పిన్ను తీసేయండి.
ఈ. మళ్లీ తూచండి.

పెద్ద సైజు ఫుట్‌బాల్ అయితే మామూలుగా నాలుగైదు గ్రాములు పెరుగుతుంది. తేడా కనిపించకపోతే మొదటే గాలి ఎక్కువగా ఉందన్నమాట. మూడుసార్లు తూచి చూడండి. బంతికి అంటిన మట్టి తుడవకపోయినా, తడి తగిలినా అంకె మారిపోతుంది.

పెద్ద పిల్లలైతే ఒక లెక్క చెప్పి చూడండి. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదిలో గాలి సుమారు 33 కిలోలు ఉంటుంది. 25 కిలోల బియ్యం బస్తా కంటే ఎక్కువ.

9. వేడెక్కిన గాలి

బెలూన్‌ను ఒకసారి ఊది వదిలేసి, స్టీలు బాటిల్ మూతికి తొడగండి. బాటిల్‌ను వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టండి. రెండు మూడు నిమిషాల్లో బెలూన్ లేచి నిలబడుతుంది. చల్లనీళ్లలో పెడితే వాలిపోతుంది. మామూలు కూల్‌డ్రింక్ బాటిల్ వాడితే వేడికి మెత్తబడి వంకర పోతుంది, గాజు సీసా పగలవచ్చు. అందుకే స్టీలుది.

దీన్ని చూసి “వేడి గాలి పైకి వెళుతుంది కాబట్టి బెలూన్ నిండింది” అని చెబుతుంటారు. పరీక్షించడం చాలా తేలిక. బాటిల్‌ను వేడినీళ్ల టబ్‌లో పడుకోబెట్టి చేయండి. అప్పుడూ బెలూన్ ఉబ్బుతుంది. గాలి వేడెక్కి ఎక్కువ చోటు అడుగుతోంది, ఆ చోటు ఏ వైపు దొరికితే ఆ వైపు వెళుతుంది.

పూరీ పొంగడాన్ని కూడా ఇందులో కలిపేయకండి. అది పొంగేది ముఖ్యంగా పిండిలోని నీళ్లు ఆవిరి కావడం వల్ల.

10. ఇప్పుడు కదిలే గాలి

ఇన్ని రోజులయ్యాక గాలి చక్రం చేయండి. 15 సెం.మీ. చతురస్రం కాగితం తీసుకుని, నాలుగు మూలల నుంచి మధ్యకు మూడింట రెండు వంతులు కత్తిరించి, ఒకటి విడిచి ఒక మూలను మధ్యలోకి మడిచి, గుండుసూదితో పుల్లకు గుచ్చండి. కాగితానికీ పుల్లకూ మధ్య ఒక పూస పెడితే సులువుగా తిరుగుతుంది. సూది మొనను రబ్బరు ముక్కలో గుచ్చేయండి. పల్లెల్లో తాటాకు ముక్కలు అడ్డంగా పెట్టి తుమ్మముల్లు గుచ్చి చేసుకునేవాళ్లం. తాతయ్యలను అడిగితే ఇప్పటికీ చేసిస్తారు.

తిరగకపోతే రెండే కారణాలు. సూది బిగుసుకుపోయింది, లేదా రెక్కలు పుల్లకు తగులుతున్నాయి.

ఫ్యాన్ ముందు పెట్టడం తర్వాత. ముందు ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, “గాలి లేదు కదా, తిరుగుతుందా?” అనండి. చక్రం పట్టుకుని గదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తమనండి. తిరుగుతుంది. కదలకుండా ఉన్న గాలిలోంచి తను పరుగెత్తాడని తెలిసిన పిల్లవాడు, ఇక “కరెంటు పోతే గాలి పోతుంది” అనడు.

నేను చేయించని ఒక ప్రయోగం

పళ్లెంలో నీళ్లు, మధ్యలో కొవ్వొత్తి, దానిమీద గ్లాసు. కొవ్వొత్తి ఆరాక నీళ్లు పైకి ఎక్కుతాయి. “గాలిలో ఆక్సిజన్ 21 శాతం, అది ఖర్చయింది కాబట్టి ఐదో వంతు నీళ్లు ఎక్కాయి” అని వివరిస్తారు. ఈ వివరణ తప్పు. గాలిలో ఆక్సిజన్ 21 శాతం ఉన్న మాట నిజమే. కానీ అదంతా ఖర్చు కాకముందే కొవ్వొత్తి ఆరిపోతుంది, ఖర్చయిన దాని స్థానంలో కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి వస్తాయి. నీళ్లు ఎక్కేది ప్రధానంగా మంట వేడికి వ్యాకోచించిన గాలి, మంట ఆరాక చల్లబడి కుంచించుకుపోవడం వల్ల. జాగ్రత్తగా చూస్తే నీళ్లు ఎక్కువగా ఎక్కేది మంట ఆరిన తర్వాతే. ఒకటికి బదులు మూడు కొవ్వొత్తులు పెడితే నీళ్లు ఇంకా పైకి వెళతాయి, గ్లాసులోని ఆక్సిజన్ మాత్రం అంతే కదా.

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు మీ చేతులతో చేసి చూపించవచ్చు. చిన్నవాళ్లకు నిప్పు వద్దు, తప్పు వివరణ అసలే వద్దు.

నేర్చుకున్నారో లేదో ఎలా తెలుస్తుంది?

అదే రోజు అడిగితే మీరు చెప్పిన వాక్యమే తిరిగి చెబుతారు. రెండు మూడు రోజులు ఆగండి. గ్లాసు గురించి కాకుండా కొత్త వస్తువు గురించి అడగండి:

- స్నానం చేసేటప్పుడు చెంబును బోర్లించి బకెట్‌లో ముంచితే ఏమవుతుంది? చెంబును వంచితే?
- సన్నమూతి బిందెను చెరువులో ముంచితే గుడగుడ శబ్దం ఎందుకు వస్తుంది?
- ఫ్యాన్ ఆగాక గాలి ఎక్కడికి పోయింది?

నాలుగైదేళ్ల పిల్లలకు మాటల కంటే బొమ్మ నయం. ఒక గ్లాసు బొమ్మ గీసి, “గాలి ఉన్నచోట రంగు వేయి” అనండి. గ్లాసు లోపలంతా వేస్తే అర్థమైనట్టే. మూతి దగ్గర గీతలు గీస్తే ఇంకా ‘వీచే గాలి’నే అనుకుంటున్నారు. గ్లాసు బయట కూడా రంగు వేసిన పిల్లలను నేను అడక్కుండానే ముందుకు పంపిస్తాను.

జవాబు సరిగా రాకపోతే మళ్లీ వివరించడానికి దిగకండి. ఇంట్లో మీ మాట ఒకసారి గమనించుకోండి. “ఖాళీ గ్లాసు తే” అనే బదులు కొన్నాళ్లు “గాలి గ్లాసు తే” అని చూడండి, పిల్లలు నవ్వుతారు కానీ పట్టుకుంటారు. వారం గడిచినా “ఏం లేదు, ఖాళీ” అంటుంటే రెండో ప్రయోగానికి వెనక్కి వెళ్లండి. ఈసారి కాగితం వాళ్లే కూరాలి, గ్లాసు వాళ్లే ముంచాలి, వంచి తడిపేసుకోవడం కూడా వాళ్లే చేయాలి. మీరు తువ్వాలు పట్టుకుని పక్కన కూర్చోండి.